గాడిద ఒప్పుకోవాలి

రెండు వేల తొంభై నాలుగులో, భీమిలి తీరాన ఉన్న బొమ్మల బడిలో పరీక్ష పెట్టేది మాస్టార్లు కాదు, జంతువులు. పిల్లల పుస్తకంలో ఏ జంతువు బొమ్మ అచ్చు వేయాలన్నా ఆ జాతిది ఒకటి చూసి "సరే" అనాలని ఇరవై ఏళ్ళ కిందటే చట్టం వచ్చింది. ఆవు బొమ్మకు ఆవు, కాకి బొమ్మకు కాకి. ఒప్పుకుంటే సరి, లేకపోతే కథ మళ్ళీ మొదటికే.

జంతువు ఎలా ఒప్పుకుంటుందంటారా? దానికే డాక్టర్ త్రివిక్రమరావు గారు మనోభాషిణిని కనిపెట్టారు. చూడ్డానికి మామూలు మెడపట్టీ. లోపలి సెన్సర్లు నాడీ తరంగాలను పట్టుకుంటాయి, చిన్న కెమెరా ఎదుటి బొమ్మను చూస్తుంది, రెండింటినీ కలిపి అనువాద యంత్రం శుభ్రమైన తెలుగులో పలుకుతుంది. తన బొమ్మ చూసుకున్న ప్రాణి ఎలా మాట్లాడుతుందో యంత్రానికి నేర్పాలి కదా, అందుకని డాక్టరు గారు ఊరూరా ఫొటో స్టూడియోలు తిరిగి, తమ ఫొటోలు చూసుకున్న ఎనభై వేల మంది మాటలు రికార్డు చేసి దానికి వినిపించారు. ఆ సంగతి ఆయన ప్రతి సభలోనూ గర్వంగా చెప్పుకునేవారు.

హైమవతికి నలభై రెండేళ్ళు. పదిహేనేళ్ళు కట్టుడు పళ్ళు తయారుచేసి, ఆ పని మానేసి ఈ బడిలో చేరింది. చిన్నప్పటి నుంచీ ఆమె తలలో ఒక జీవి తిరుగుతోంది. పేరు ముసురుపిట్ట. కొంగ కాళ్ళు, ఉడుత తోక. వాన పడితే ఇంతింతై పెరుగుతుంది, ఎండ కాస్తే అగ్గిపెట్టెలో దూరిపోతుంది. దాన్ని కాగితం మీద నిలబెట్టాలనే ఆమె ఆశంతా. కానీ ఊహాజీవుల తరగతి రెండో ఏడు. నిజం జంతువు ఒక్కటైనా ఒప్పుకుంటేనే అందులోకి రానిస్తారు. అవకాశాలు మూడే. రెండు అయిపోయాయి.

చీటీలో ఆమెకు వచ్చింది గాడిద. పేరు దొరబాబు. ఎడమ చెవి కొస చిరిగి ఉంటుంది. హైమ మూడు నెలలు దాని పాకలో పీట వేసుకుని కూర్చుంది. అది ఏ కాలి మీద బరువు వేసి నిలబడుతుందో, ఈగ వాలితే ఏ కండ కదులుతుందో గీసి గీసి నేర్చుకుంది. తీరా మొదటిసారి బొమ్మ చూపిస్తే "నా చెవులు ఇంత పొడుగా?" అంది పట్టీ. "పొట్ట కాస్త తగ్గించకూడదూ?" అని కూడా అంది.

ఆమె చెవులు కురచ చేసింది. పొట్ట తగ్గించింది. పనిలో పనిగా కళ్ళు పెద్దవి చేసింది. రెండోసారి పట్టీ "ఎంత బాగున్నానో" అని మురిసిపోయింది. అయితే, అది గాడిదేనని కింద సంతకం చేయాల్సింది ఈ బడిని కూడా నడిపే డాక్టరు గారు.

"ఇదేంటమ్మా, రెండో ఏడు పాఠం ఇప్పుడే మొదలెట్టేశావా?" అన్నారాయన, పెన్ను జేబులో పెట్టేసుకుంటూ.

మూడోసారి హైమ చిరిగిన చెవితో సహా ఉన్నదున్నట్టే వేసింది. బొమ్మలో కాళ్ళ దగ్గర దొరబాబుకి ఇష్టమైన పచ్చగడ్డి కూడా గీసింది.

"ఇంతకన్నా నాకు రాదు సార్. వద్దంటే వెళ్ళి మళ్ళీ పళ్ళు చేసుకుంటాను," అంది.

దొరబాబు మెడలో పట్టీ పలికింది. "నా చెవులు ఇంత పొడుగా? ఆ చిరుగు కనపడకుండా పక్కకి తిప్పి వేయాల్సింది."

హైమ పెన్సిళ్ళు సర్దుకోసాగింది. డాక్టరు గారు నిట్టూర్చి, ఒప్పుకోలేదని రాయడానికి కాగితం తీశారు. ఇంతలో దొరబాబు తల విదిలించింది, పట్టీ ఊడి కింద పడింది. ఆయన దాన్ని తీసి, కొత్త పిల్లలు చూసి గీయడానికని బల్ల మీద పెట్టిన గుమ్మడికాయకు తగిలించారు. కెమెరా బొమ్మ వైపు తిరిగింది.

"నా చెవులు ఇంత పొడుగా?" అంది గుమ్మడికాయ.

డాక్టరు గారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"అది గుమ్మడికాయండీ," అంది హైమ.

"తెలుసమ్మా."

"పొట్ట కాస్త తగ్గించకూడదూ?" అంది గుమ్మడికాయ.

హైమ కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. డాక్టరు గారు పట్టీ స్విచ్ ఆపేసి కుర్చీలో కూలబడ్డారు. "ఇరవై ఏళ్ళు. ఏనుగులు, కాకులు, తొండలు..."

"పాపం, అవేవీ ఏమీ అనలేదు సార్. ఆ మాటలన్నీ స్టూడియోల్లో మనవాళ్ళవే."

ఈలోగా దొరబాబు బొమ్మ దగ్గరికి వచ్చింది. వాసన చూసింది. చిరిగిన చెవి దగ్గర ముక్కు ఆనించి కాసేపు ఊరుకుంది. తర్వాత కిందికి వంగి, గడ్డి ఉన్న మూల కొరికి, తీరిగ్గా నమిలింది.

డాక్టరు గారు అలాగే చూస్తూ ఉండి, పెన్ను తీశారు. "జంతువు ఒప్పుకుంది. సాక్ష్యం: పంటిగాటు" అని రాసి సంతకం పెట్టారు.

"గాటు దొరబాబుదేనండీ. పళ్ళ సంగతి నాకు తెలుసు," అంది హైమ. ముసురుపిట్ట అప్పుడే కళ్ళ ముందు రెక్కలు విప్పుతున్నట్టు ఉందామెకు.

"ఈ పట్టీ పనికిరాదని రేపే పై వాళ్ళకు రాసేస్తాను. మనుషుల డాంబికం మూగజీవాల మెడకు కట్టానమ్మా ఇన్నేళ్ళూ."

ఆయన్ని చూస్తే ఆమెకు జాలేసింది. "నా పుస్తకం మొదటి పేజీలో మీ బొమ్మ వేస్తాను సార్. కదలకండి."

పది నిమిషాల్లో వేసి ఇచ్చింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"అచ్చం నేనే. చాలా బాగుంది," అన్నారు. తర్వాత మెల్లగా, "కాకపోతే ఇక్కడ, నెత్తి మీద... ఇంకాస్త జుట్టు వేయకూడదూ?"

హైమ చటుక్కున గుమ్మడికాయ వైపు చూసింది. పట్టీ ఆపేసే ఉంది.