పదకొండో నంబరు

మందుల కంపెనీ ల్యాబులో కుర్రకారు ఆమెకు వెనకాల పెట్టిన పేరు ‘ముక్కు మేడమ్’. ఫ్లాస్కు దగ్గరికి రాగానే, లోపలి రసాయనం కుదిరిందో చెడిందో వాసనబట్టి చెప్పేసేది. ఆ పేరు సంగతి ఆమెకూ తెలుసు. లోలోపల మురిసిపోయేది కూడా.

కీళ్లనొప్పులకు ఒక మాత్ర తయారుచేయాలని పన్నెండేళ్లు ఒంటికాలి మీద నిలబడింది. కూతురి పరీక్షలు, తల్లి ఆపరేషను... అన్నీ ఆ మాత్ర వెనక్కే వెళ్లిపోయాయి. తీరా మనుషులకు ఇచ్చి చూసే దశకొచ్చాక, ఒక బ్యాచిలో ఉండకూడని మలినం బయటపడింది. గ్రాఫు మీద ఆవగింజంత మొన.

“గోరంతను కొండంత చేయకమ్మా. యంత్రంలో లోపమని రాసెయ్,” అన్నాడు డైరెక్టరు.

రాసేసింది.

ఆ బ్యాచి మింగినవాళ్లలో ముగ్గురు ఆరు నెలలు తిరక్కుండా దగ్గీ దగ్గీ పోయారు. వాళ్ల పేర్లు ఆమెకు తెలియవు. కాగితాల్లో వాళ్లు నాలుగు, తొమ్మిది, పదకొండు. అంతే.

రెండేళ్ల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం. అసిస్టెంటుకు జ్వరమొస్తే, నిల్వ గదిలోంచి సీసాలు తీయడానికి ఆమే వెళ్లింది. మాత్రలు ఎన్నాళ్లు చెడకుండా ఉంటాయో చూడ్డానికి, వాటిని వేడిలో, తేమలో నెలల తరబడి ఉంచే గది అది. కిటికీలుండవు. లోపలికి అడుగుపెడితే ఉక్క తడిగుడ్డలా మొహానికి చుట్టుకుంటుంది. అరల వెనక ఫ్యాన్లు ఒకటే రొద.

మూడో అర దగ్గర ముక్కుకు ఏదో సోకి ఆమె ఆగిపోయింది. అది మందు వాసన కాదు. జ్వరంతో చెమటపట్టిన ఒంటి వాసన. చాలా రోజులుగా మార్చని పక్కబట్టల వాసన.

ఫ్యాన్లు ఆగాయి.

ఆ నిశ్శబ్దంలో ఎవరో దగ్గారు. పొడిదగ్గు. అరల చివర నుంచి.

“ఎవరూ?”

మళ్లీ దగ్గు. ఈసారి ఒక అర ఇవతల.

ఆమె తలుపు దగ్గరికి పరుగెత్తింది. పిడి తిరగలేదు. రెండు చేతులా గుంజింది. ఊహూఁ...

“అమ్మా...” ఆడగొంతు. ఊపిరి చాలని గొంతు. “మంచి మందన్నారుగా... రెండు పూటలా వేసుకున్నా...”

వెనక్కి తిరగాలంటే మెడ కదల్లేదు.

“నా పేరేంటమ్మా?”

“పద... పదకొండు,” అనేసింది. అని, నాలుక కరుచుకుంది.



మెడ మీద వెచ్చటి తడి తగిలింది. ఎవరో ఆనుకుని నిలబడి దగ్గినట్టు.

“పేరు...”

“తెలీదు తల్లీ... నిజంగా తెలీదు. మందు బాలేదని మాత్రం తెలుసు. ముందే తెలుసు నాకు!”

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. చేతిలో పిడి సుతారంగా తిరిగింది.

వరండాలో కూలబడ్డ ఆమెను వాచ్‌మన్ లేపాడు. “తలుపు బార్లా తీసే ఉంది కదా మేడమ్! ఇందాక ఆ గోడను పట్టుకుని గుంజారేంటి?”

ఆ సాయంత్రమే మందుల నియంత్రణ అధికారులకు ఉత్తరం రాయడానికి కూర్చుంది. ఆ మాత్ర ఇచ్చి చూసిన ఆసుపత్రికి ఫోన్ల మీద ఫోన్లు చేసి ముగ్గురి పేర్లూ కనుక్కుంది. పదకొండో నంబరు ఒక దర్జీ. ముప్పై ఎనిమిదేళ్లు.

“ఉద్యోగం పోతుంది. జైలు కూడా తప్పకపోవచ్చు. ఆలోచించే రాస్తున్నావా?” అన్నాడు భర్త.

“ఆలోచించకూడదనే రెండేళ్లు గడిపానండీ,” అంది. సంతకం పెట్టింది.

నాలుగో రోజు అధికారులొచ్చారు. మనుషుల మీద జరుగుతున్న పరీక్షలూ, వచ్చే నెల పిల్లల మీద మొదలవాల్సినవీ ఆపించారు. డైరెక్టరు ఆమె మొహం చూడలేదు. నిల్వ గదిలోని సీసాలను బల్ల మీద పెట్టి, అందరి ఎదుటా ఒక్కొక్కటే సీలు తెంచారు. తెంచేముందు చూస్తే ఒక్క సీలూ చెదిరి లేదు.

మొదటి సీసాను తెల్లకాగితం మీద వంచిన అధికారి అలాగే ఉండిపోయాడు. ఆమె వంగి చూసింది.

ప్రతి మాత్రా సగానికి కొరికి ఉంది. తెగిన అంచు ఇంకా తడిగానే ఉంది. పంటిగాట్లు మరీ చిన్నవి... పాలపళ్లంత.

ఆ మందు అప్పటిదాకా ఏ పిల్లలకూ ఇవ్వలేదు.