ఎవరో వాడుతున్న డిస్కు

ఆ ఇంట్లో మెట్ల కింద ఒక గది ఉంది. గది అనడం మరీ పెద్ద మాట. ఒక బల్ల, ఒక కుర్చీ, మనిషి పక్కకి తిరిగితే మోచెయ్యి గోడకి తగిలేంత చోటు, అంతే. కిటికీ లేదు. గోడల నిండా, తలుపు వెనకాల కూడా, పాత బొంతలు మేకులు కొట్టి వేలాడదీసి ఉన్నాయి. బయటి చప్పుడు లోపలికి రాకూడదని అక్క కొట్టించిన బొంతలవి. జబ్బు ముదిరిన చివరి ఏడాదంతా ఆవిడ ఆ గదిలోనే కూర్చుని, కూతురి కోసం కథలు చెప్పి కంప్యూటర్లో రికార్డు చేసింది. రెండు వందల పన్నెండు కథలు. ఆ తర్వాతి కథ మొదలుపెట్టిన రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మళ్ళీ రాలేదు.

అప్పట్నుంచీ పాపని చెల్లెలే చూసుకుంటోంది. పాపకి పిన్ని కాబట్టి మనమూ పిన్ని అనే అనుకుందాం. స్కూల్లో డ్రాయింగ్ టీచరు. నలభై మంది పిల్లల్ని కనుసైగతో కూర్చోబెట్టగలదు గానీ, కంప్యూటర్ ఒక్క ప్రశ్న అడిగితే చాలు, ముచ్చెమటలు పోస్తాయి.

పాపకి ఏడేళ్ళు. అమ్మ గొంతు వినపడితే గానీ నిద్రపోదు. వింటూ వింటూ పడుకుంటుంది, అంతవరకూ బాగానే ఉంటుంది. కథ అయిపోగానే ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేస్తుంది. "అమ్మ వెళ్ళిపోయింది" అని ఒకటే ఏడుపు. ఆ ఏడుపు విని విని పిన్నికి ఒక ఆలోచన వచ్చింది. కథలన్నీ కలిపి ఒక్కటే ఫైలు చేసేస్తే తెల్లారేదాకా గొంతు ఆగదు కదా!

మంచి ఆలోచనే, పాపం. కథలున్న డిస్కే ఒప్పుకోలేదు. అంత పెద్ద ఫైలు నాలో పట్టదు పొమ్మంది.

"డిస్కు పాత పద్ధతిలో ఉందమ్మా," అన్నాడు కంప్యూటర్ మెకానిక్ ఫోన్లో. "ఆ పద్ధతిలో ఒక్కో ఫైలు ఇంతకి మించకూడదని రూలు. కొత్త పద్ధతికి మార్చెయ్యండి. నేను చెప్తుంటాను, మీరు టైపు చెయ్యండి. లోపలున్నవి చెక్కుచెదరవు. కాకపోతే ముందు ఒక కాపీ తీసి పెట్టుకోండి."

ఆ చివరి మాట వినాలా, వద్దా? ఇంకో డిస్కు కొనాలంటే ఆ వానలో బజారుకి వెళ్ళాలి. అప్పటికే మధ్యాహ్నం మూడు. అయిదున్నరకల్లా బావ పాపని తీసుకుని వచ్చేస్తాడు. వాళ్ళొచ్చేలోపు పని కానిచ్చేసి పాపకి చూపించాలని పిన్ని సరదా. ఏమవుతుందిలే అనుకుంది. మీరూ నేనూ అయినా అలాగే అనుకుంటాం.

గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. కలరా ఉండల వాసన, దాని అడుగున ఇంకా పోని దగ్గుమందు వాసన. వాన చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయినట్టయింది. ఆ గదిలో ఎవరైనా గొంతు తగ్గించే మాట్లాడతారు. అక్క రికార్డు చేసే రోజుల నుంచీ ఇంటిల్లిపాదికీ అలవాటైపోయింది.

మెకానిక్ చెప్పినట్టే టైపు చేసింది. తెర మీద జవాబు వచ్చింది.

"డిస్కుని ఇంకెవరో వాడుతున్నారంటోంది," అంది పిన్ని గుసగుసగా.

"ఏదో ప్రోగ్రాము తెరిచి ఉంటుంది. మూసెయ్యండి."

"ఏమీ తెరవలేదండీ. అన్నీ మూసేశాను."

"అయితే బలవంతంగా దించెయ్యమంటారా అని అడుగుతుంది చూడండి. అవును అని కొట్టండి."

"ఎవర్ని దించడం?"

ఆయన నవ్వాడు. "మనుషుల్ని కాదులేమ్మా. వాడుతున్నదేదైనా సరే, దాన్ని డిస్కు మీద నుంచి బయటికి పంపేస్తుంది. అంతే."

పిన్ని అవును అని కొట్టింది. వెంటనే ఇంకో ప్రశ్న. మారుస్తున్న దాని పేరు చెప్పమంది.

"డిస్కుకి మీ అక్కగారు ఏదో పేరు పెట్టే ఉంటారు. అది కొడితేనే ముందుకెళ్తుంది," అన్నాడు మెకానిక్.

కథలు అని కొట్టింది. తప్పు అంది. పాప ముద్దుపేరు కొట్టింది. తప్పు. అక్క పేరు, బావ పేరు, చివరికి పాప ఆడుకునే బొమ్మ పేరు కూడా. అన్నీ తప్పే. పిన్నికి విసుగొచ్చింది. ఏం పేరు పెట్టావే తల్లీ అనుకుంటూ ఉండగా, ఎందుకో చిన్నప్పటి పిలుపు గుర్తొచ్చింది. తనని అక్క తప్ప ఇంకెవరూ పిలవని పిలుపు. ఇంట్లో ఏ పప్పుబద్ద దొరికినా తీసుకెళ్ళి ఎక్కడో దాచేదట తను. అందుకని...

ఉడత.

కంప్యూటర్ ఒప్పుకుంది. 'ఉడతని మార్చడం మొదలైంది. పూర్తయ్యేవరకూ ఆపవద్దు' అని చూపించింది.

పిన్నికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంత జబ్బులోనూ నా పేరే పెట్టుకుంది పిచ్చి మొహం! మెకానిక్‌కి థాంక్స్ చెప్పి ఫోను పెట్టేసి, చెంపకి చెయ్యి ఆనించుకుని అంకెలు చూస్తూ కూర్చుంది. పది శాతం. ముప్ఫై. యాభై. అరవై ఒకటి దగ్గర అంకె ఆగింది. డిస్కు లోపల ఏదో గీరుకున్నట్టు చప్పుడు. మళ్ళీ గీరింది. తర్వాత తెర మీద ఒకే ఒక్క ముక్క.

మార్పు విఫలమైంది.

తెరిచి చూస్తే డిస్కు ఖాళీ. రెండు వందల పన్నెండు కథల్లో ఒక్కటీ లేదు. రాత్రి పాపకి ఏం చెప్పాలి? అమ్మ గొంతుని పిన్ని చేజేతులా తుడిచేసిందని చెప్పాలా?

మళ్ళీ ఫోను చేసింది. మెకానిక్ ఈసారి నవ్వలేదు.

"ఏడవకండమ్మా. ఫైళ్ళు ఎక్కడికీ పోవు, చిరునామాలు చెరిగిపోతాయంతే. తల్లి ఫోల్డరు తెగిపోయిన ముక్కల్ని అనాథలంటారు. వాటిని వెతికే పని ఒకటుంది, చెప్తాను, పెట్టండి. దొరికిన ముక్కకల్లా ఒక నంబరు ఇచ్చి పక్కన పెడుతుంది. విని చూసుకోండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. అది అయ్యేలోపు కరెంటు తీశారో, ఇక దేవుడు కూడా వెనక్కి తేలేడు."

పెట్టింది. ముక్కలు రావడం మొదలైంది. ఒకటి. నాలుగు. పదకొండు. పిన్ని హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటి ముక్క తెరిచింది.

"...అప్పుడు ఆ నక్క ఏం చేసిందో తెలుసా బంగారూ?"

అక్క! పిన్ని బల్ల మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. పోలేదు. ఉంది. అన్నీ వస్తాయి. పాపకి ఏమీ చెప్పక్కర్లేదు.

ముక్కు తుడుచుకుని రెండోది తెరిచింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక ఆడమనిషి గొంతు, గుసగుసగా.

"ఏమీ తెరవలేదండీ. అన్నీ మూసేశాను."

పిన్ని చెయ్యి ఆగిపోయింది. అది తన గొంతు. ఇందాకటి మాటలు. కానీ మైకు... మైకు తీగ చుట్టి సొరుగులో పెట్టి ఎనిమిది నెలలయింది. సొరుగు లాగి చూసింది. చుట్టింది చుట్టినట్టే ఉంది.

మూడో ముక్క తెరవకూడదనుకుంది. తెరిచింది. ఊపిరి చప్పుడు. దగ్గు ఆపుకుంటున్న ఊపిరి. చాలా దగ్గరగా. తర్వాత కుర్చీ జరిపిన చప్పుడు, తలుపు కిర్రుమన్న చప్పుడు. ఎవరో గదిలోంచి బయటికి నడిచి వెళ్ళారు. తలుపు పడింది. గడియ పడింది.

పిన్ని హెడ్‌ఫోన్లు లాగి పడేసి తలుపు మీదికి ఉరికింది. లాగింది. రాలేదు. రెండు చేతులా పట్టి, కాలు గోడకి తన్నిపెట్టి లాగింది. కదలలేదు. చూస్తే లోపలి గడియ తీసే ఉంది.

బయట గడియ వేశారు. ఆ తలుపుకి బయట గడియే లేదు.

ఫోనులో సిగ్నల్ ఒక్క గీత. మెకానిక్ ఎత్తాడు.

"తలుపు రావట్లేదండీ... ఎవరైనా వచ్చి... దయచేసి..."

"ఎవరండీ మాట్లాడేది?"

"నేనేనండీ! డిస్కు..."

"ఆవిడ ఇప్పుడే కదా ఫోను చేసింది. అంతా సరిపోయింది, ఇక చెయ్యక్కర్లేదంది. పది నిమిషాలు మాట్లాడింది కూడా." ఆయన గొంతులో అనుమానం. "మీ గొంతు ఏదో... చాలా దూరం నుంచి వస్తోంది. ఎవరు మీరు?"

గీత పోయింది. ఫోను చచ్చిపోయింది.

పిన్ని తలుపు బాదింది. బొంత దెబ్బ మింగేసింది. అరిచింది. అరుపు బొంతల్లోకి ఇంకిపోయింది, తన చెవికే సరిగా వినపడలేదు. గాలి ఆడట్లేదు. దగ్గుమందు వాసన మాత్రం లేదు. ఇందాకటిదాకా ఉన్నది ఇప్పుడు లేదు.

బల్ల కింద స్విచ్చు ఉంది. అది నొక్కితే కంప్యూటర్ ఆగుతుంది. ఇదంతా ఈ యంత్రంలోంచే వచ్చింది కాబట్టి ఇది ఆగితే తలుపు కూడా వస్తుందేమో. పిన్ని మోకాళ్ళ మీద కూర్చుని స్విచ్చు మీద వేలు పెట్టింది. తెర వంక చూసింది.

నూట తొంభై ముక్కలు. నూట తొంభై ఒకటి.

ఇప్పుడు తీసేస్తే ఇక దేవుడు కూడా తేలేడు. పాప రాత్రి లేచి కూర్చుని ఏడుస్తుంది. రేపు ఏడుస్తుంది. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆ గొంతు ఎలా ఉండేదో మర్చిపోతుంది, ఇక ఏడవడం కూడా మానేస్తుంది. పిన్నికి అదే భరించలేననిపించింది. ఇంకో ఇరవై ముక్కలు. అంతే కదా. ఓర్చుకుంటాను, అన్నీ వచ్చాక తీస్తాను.

వేలు వెనక్కి తీసుకుంది.

రెండు వందలు. రెండు వందల పన్నెండు. పిన్ని వేలు మళ్ళీ స్విచ్చు మీదికి వెళ్ళింది. కానీ అంకె ఆగలేదు. రెండు వందల పదమూడు. ఈ ముక్క మాత్రం పెరుగుతోంది. సాగుతోంది. ఇంకా రికార్డు అవుతూనే ఉంది... తీద్దామని స్విచ్చు నొక్కింది. మళ్ళీ నొక్కింది. ప్లగ్గు పీకి చేత్తో పట్టుకుంది. తెర వెలుగుతూనే ఉంది.

కింద పడి ఉన్న హెడ్‌ఫోన్లలోంచి సన్నగా వాన చప్పుడు. ఈ గదిలోకి రాని వాన. పిన్ని వాటిని తీసి చెవులకి పెట్టుకుంది. వీధి తలుపు తెరుచుకుంది. గొడుగు దులిపిన చప్పుడు. చిన్న చిన్న బూట్లు.

"పిన్నీ! వచ్చేశాం!" పాప గొంతు.

"పాపా! ఇక్కడున్నానమ్మా! మెట్ల కింద! తలుపు తియ్యండి బావా!" పిన్ని గొంతు చించుకుని అరిచింది.

"వచ్చారా?" అంది హాల్లోంచి ఒక గొంతు. నిదానంగా. "తడిసిపోయావేంటే తల్లీ, ఇలా రా."

అది పిన్ని గొంతే.

"ఆ గదిలో ఏదో చప్పుడవుతున్నట్టుంది," అన్నాడు బావ.

"కంప్యూటర్ పని చేస్తోంది బావా. కథలన్నీ కలుపుతోంది. మధ్యలో ఆపకూడదట, తలుపు కూడా తియ్యొద్దన్నాడు మెకానిక్."

"ఎంతసేపు?"

"చాలా రోజులు పడుతుందట."

బావ సరేనన్నాడు. ఆయన అడుగులు మేడ మీదికి వెళ్ళాయి, సరిగ్గా పిన్ని నెత్తి మీదుగా. పిన్ని కుర్చీ ఎత్తి మెట్ల అడుగుని పొడిచింది. అడుగులు ఆగలేదు.

హాల్లో పాప తల తుడుస్తున్న చప్పుడు. తర్వాత దువ్వెన. పాప స్కూలు కబుర్లు గలగలా చెప్తోంది. మధ్యలో హఠాత్తుగా మాటలు ఆపేసింది.

"పిన్నీ, నువ్వు ఎడం చేత్తో జడ వేస్తున్నావేంటి? అలా అమ్మ కదా వేసేది?"

పిన్ని హెడ్‌ఫోన్లని రెండు చేతులా చెవులకి అదిమి పట్టుకుంది. ఎవరో దగ్గు ఆపుకున్నారు. తర్వాత దువ్వెన మళ్ళీ కదిలింది.