పేరు పిలిస్తే వెలిగే దీపాలు

ఆండర్సన్‌పేటలో మాది చిన్న అంగడి. బీడీలు, బిస్కెట్లు, అరటిపండ్లు, సోడా. అంగడికంటే నీ నోరే పెద్దదని మా మునిలక్ష్మి అంటుంది. పెళ్లాం మాట, ఒప్పుకోక తప్పదు. బంగారు గని మూతపడినాక ఊళ్లో పని తగ్గింది గానీ నాకు మాట తగ్గలేదు. ఎవరు పిలిచినా పలుకుతాను. పక్క వీధిలో ఎవరో ఇంకో సీనప్పను పిలిచినా సరే, "ఆఁ" అని ముందు పలికేది నేనే. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఆ "ఆఁ" ఒకనాడు నా మీదికే వస్తుందని ఎవరికి తెలుసు.

పోయిన వానాకాలం బెంగళూరు నుంచి నమ్రత అనే అమ్మాయి వచ్చింది. ఏదో మ్యూజియంలో ఉద్యోగం. వాళ్ల తాత ఇక్కడే గని ఆఫీసులో గుమాస్తాగా చేసినాడంట, అందుకని మన తెలుగు బాగానే మాట్లాడుతుంది. మ్యూజియంలో ఉన్న గని పాత ఫోటోలను ఇంటర్నెట్‌లో పెడతా ఉన్నారు. ఊరికే పెడితే ఎవరు చూస్తారంకుల్ అని, ఆ పిల్ల ఏవేవో కొత్త ప్రయోగాలు చేస్తా ఉంది.

అందులో ఒకటి చెప్తాను, మీరూ మెచ్చుకుంటారు. తెర మీద ఫోటో అంతా నల్లగా ఉంటుంది, గని లోపల మాదిరి. ఏమీ కనపడదు. మనం ఒక పేరు పిలవాల. ఆ పేరు గల మనిషి టోపీ మీద దీపం వెలుగుతుంది. ఆ వెలుగులో వాడి మొహం ఒక్కటే కనపడుతుంది. ఇంకో పేరు పిలిస్తే ఇంకో దీపం. అందరినీ పిలిస్తేనే ఫోటో పూర్తి. మొదటిసారి చూసినప్పుడు నేను పసిపిల్లోడి మాదిరి చేతులు తట్టినాను.

అయితే మన పిలుపు ఆ కంప్యూటర్‌కు అర్థం కాదంట. దానికి నేర్పించాల. ఫోటోలో ఎవరు ఎవరో చెప్పి, ఒక్కొక్క పేరూ మన యాసలో పిలిచి రికార్డు చెయ్యాల. దానికి ఆ పిల్లను నా అంగడికి తీసుకొచ్చినోడు కదిరప్ప.

కదిరప్పదీ నాదీ ఒకే ఊరు, గనిలో ఒకే షిఫ్టు. మునిలక్ష్మికి సొంత అన్న. నన్ను బావా అంటాడు, నేనూ వాడిని బావా అంటాను. "గొంతంటే మా బావదేనమ్మా, ఈన పిలిస్తే చచ్చినోడు గూడా లేచొస్తాడు," అన్నాడు ఆ పిల్లతో. నాకు ఎంత సంతోషమయిందంటే, ఆ సాయంత్రమే వాడిని పిలుచుకుపోయి బిరియానీ తినిపించినాను.

గని కట్టుబాటు ఒకటుంది. లోపలికి దిగినాక మేము పేరు పెట్టి పిలుచుకోము. పైపు మీద సుత్తితో కొడతాము. ఎవరి కొట్టు వారిదే. నాది ఒక్క కొట్టు. కదిరప్పది రెండు కొట్లు, ఆగి, ఇంకొకటి. ఎందుకంటే, లోపల చచ్చిపోయినోనికి తాను చచ్చినట్టు తెలీదంట. చీకట్లో పేర్లు వింటా వింటా నేర్చుకుంటాడంట. నేర్చుకున్న పేరు పెట్టి పిలుస్తాడు. పలికినావా, మాట ఇచ్చినట్టే. ఇంగ నువ్వు పోవాల్సిందే. మా పెద్దోళ్లు ఇదే చెప్పి మమ్మల్ని గనిలోకి దించినారు.

ఇదంతా నమ్రతకు చేతులు తిప్పి తిప్పి చెప్పినాను. ఆ పిల్ల నవ్వి, అదీ రికార్డు చేసుకుంది. మనమిప్పుడు నేల మీద ఉండాము కదా, ఏం భయం అని అన్ని పేర్లూ వీధి చివరికి వినపడేటట్టు పిలిచినాను.

ఫోటో మా షిఫ్టుదే. ముందు వరసలో కదిరప్ప, వాడి పక్కన ఓబలప్ప. ఓబలప్పకు ఆ పక్క కొంచెం ఖాళీ. అది నా జాగా. ఆ దినం నేను రాగులు నూర్చడానికి ఊరికి పోయింటిని, అందుకే ఫోటోలో లేను. తరవాత కొన్నాళ్లకు లోపల రాయి తనంతట తానే పేలి కూలింది. దాన్ని మేము ఏర్ బ్లాస్ట్ అంటాము. ఓబలప్ప అవతలి పక్క ఉండిపోయినాడు. శవం గూడా దొరకలేదు. వాడికి అందరికంటే దగ్గర్లో ఉండింది కదిరప్ప.

సరే. పెద్ద తెర మీద వేసి చూద్దామని ఒక సాయంత్రం నమ్రత మా ఇద్దరినీ మూతపడిన క్లబ్బు హాలుకు రమ్మనింది. అప్పుడే వాన పట్టుకుంది. కరెంటు పోయింది. ఆ పిల్ల యంత్రాలు బ్యాటరీ మీద నడుస్తా ఉన్నాయి. తడిసిన గోడల వాసన, గబ్బిలాల కంపు. రేకుల మీద వాన చప్పుడు. నేనూ కదిరప్పా ఒకే బెంచీ మీద కూర్చున్నాము. ఎదురుగా నల్లటి తెర.

"పిలవండి అంకుల్," అనింది.

"తిమ్మరాయప్పా" అన్నాను. దీపం వెలిగింది. "మునిశంకరా" అన్నాను. ఇంకొకటి. భలే ఉంది. పక్కనున్న కదిరప్పను మోచేత్తో పొడిచినాను, చూసినావా అని. వాడి కళ్లు తెర మీదే ఉన్నాయి.

"ఓబలప్పా."

దీపం వెలిగింది. ఆ మొహం చూసి చాలా కాలమయింది కదా, బెంచీ మీద నుంచి ముందుకు వంగి చూసినాను.

అప్పుడు వాసన మారింది. గబ్బిలాల కంపు పోయింది. తడి రాయి... పేల్చిన మందు పొగ... గనిలో దిగినోడికి అది చచ్చేదాకా మరుపు రాదు. నమ్రత గూడా ముక్కు మూసుకుంది.

స్పీకర్లో చిన్నగా వినిపించింది.

"కదిరప్పా..."

తెర మీద కదిరప్ప దీపం మిణుకుమనింది.

నమ్రత మీటలు నొక్కతా, "మీ రికార్డింగేమో అంకుల్," అనింది గుసగుసగా.

నాది కాదు. నేను గట్టిగా పిలిచినాను. ఇది రాతికి నోరు ఆనించి మాట్లాడినట్టుంది.

"కదిరప్పా..."

దీపం ఇంకొంచెం పెద్దదయింది. వాన చప్పుడు వినపడడం లేదు. వాన నిలిచిందా... లేదు. తలుపు సందులోంచి నీళ్లు కనపడతానే ఉన్నాయి. చప్పుడే లేదు.

నా భుజం మీద చెయ్యి పడింది. కదిరప్పదే. చెమటతో తడిసిపోయింది. పాపం, భయపడినాడు అనుకుని ఆ చేతిని తట్టినాను. పలకొద్దు బావా, అని కళ్లతోనే చెప్పినాను.

"కదిరప్పా..."

వాడు నా చెవి దగ్గరికి వంగినాడు.

"సీనప్పా," అన్నాడు.

పుట్టి బుద్ధెరిగినాక వాడు నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. అది తలకెక్కే లోపలే...

"ఆఁ," అన్నాను.

కదిరప్ప దీపం ఆరిపోయింది. ఓబలప్పకు ఆ పక్క, ఆ ఖాళీలో, ఒక దీపం వెలిగింది. దాని కింద మొహం లేదు. దీపం ఒక్కటే.

నమ్రత కంప్యూటర్ మూసేసింది. తెర నల్లబడింది. ఆ దీపం మాత్రం... కొంచెంసేపు అట్లే ఉండింది. తరవాత వాన చప్పుడు మళ్లీ వచ్చింది.

బయట వసారాలో కదిరప్ప బీడీ ముట్టించుకుంటా ఉన్నాడు. పదేళ్లు చిన్నోడయినట్టున్నాడు.

"ఏంది బావా ఇది," అన్నాను.

వాడు వాన పక్కే చూస్తా చెప్పినాడు. "ఆ దినం రాయి కూలినాక, అవతల నించి వాడు పేరు పెట్టి పిలిచినాడు. వస్తా ఉండా అని పలికేసినా. కానీ పోలా. ఈ పిల్ల ఆ ఫోటో తెచ్చి చూపించినప్పటి నించీ నా ఫోన్‌లో పిలుస్తా ఉండాడు బావా. వానికి ఎవురో ఒకరు పలకాల."

"దానికి నేనా?"

"నువ్వు ఫోటోలో లేవు గదా. నీకేమీ కాదులే అనుకొన్న్యా."

"ఏమీ కాదనుకున్నోడివి, బావా అనే పిలిచిండొచ్చు గదా."

వాడు బీడీ పారేసి వానలోకి దిగిపోయినాడు. వెనక్కి తిరిగి చూళ్లేదు.

నమ్రత ఆ ఫోటోను మర్నాడే తీసేసింది. ఖాళీలో దీపం తాను పెట్టింది కాదని ఫోన్ చేసి ఒట్టేసి చెప్పింది. ఫోన్ పెట్టేముందు ఇంకొకటీ చెప్పింది. మీ అంగడికి రాకముందు, వేరే ఎవరినైనా చూస్తానంటే కదిరప్పంకుల్ ఒప్పుకోలేదంకుల్, సీనప్పే కావాల అన్నారు, వాడు పిలిస్తే పలుకుతాడమ్మా అన్నారు, అప్పుడు నాకు అర్థం కాలేదు, అనింది. వాడిని పిలుచుకుపోయి బిరియానీ తినిపించినాను కదా. అది గుర్తొచ్చింది నాకు. రెండోసారి కూర వేయించుకుని మరీ తిన్నాడు.

అప్పటి నుంచి నేను పలకడం మానేసినాను. అంగడి ముందుకొచ్చి పేరు పిలిస్తే మొహం చూసినాకే లేస్తాను. సీనప్పకు గర్వమొచ్చింది అంటున్నారు, అననీ. మునిలక్ష్మి లోపల నుంచి ఏమయ్యో అని కేకేసినా పలకను. అన్నం పెట్టినాక, నేను తినే స్టీలు తట్ట మీద గరిటెతో ఒక్క కొట్టు కొట్టమని చెప్పినాను. అన్న మీద చెప్పిందేదీ ఆమె నమ్మలేదు. నీకు వయసయింది అనింది. కదిరప్ప బంగారుపేటలో కొడుకు శశికుమార్ ఇంటికి మారిపోయినాడు. బాగా తింటున్నాడంట, బాగా నిద్రపోతున్నాడంట.

నిన్న చీకటి పడే వేళ అంగడి మూసి లోపల కూర్చున్నాను. వంటింట్లో తట్ట మోగింది.

"వస్తా ఉండా," అని లేచినాను.

లేచినాక గుర్తొచ్చింది. మునిలక్ష్మి పొద్దున్నే బంగారుపేటకు, అన్నను చూడడానికి పోయింది.

మోగింది ఒక్క కొట్టు కాదు. రెండు కొట్లు... ఆగి... ఇంకొకటి. గనిలో కదిరప్ప కొట్టు అది, దానికే నేను పలికేసినాను.

వంటింట్లో దీపం వేసినాను. ఎవరూ లేరు. గిన్నెలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నా తట్ట ఉండే జాగా ఖాళీ. ఆ చోట ముట్టుకుంటే తడి. వాసన చూసినాను, తడి రాయి, మందు పొగ. వెంటనే చెయ్యి పంచకు తుడుచుకున్నాను.

మునిలక్ష్మికి ఫోన్ చేసినాను. మీ అన్న ఎట్లుండాడు అని అడిగినాను.

"బాగుండాడు. ఇదో, నా ఎదురుగానే కూర్చోని అన్నం తింటా ఉండాడు," అనింది. అవతల వాడి గొంతు ఏదో గొణిగింది. ఆమె నవ్వింది.

"ఏమోనప్పా, మా అన్నకు ఏమయిందో. నిన్ను ఒకటి అడగమంటా ఉండాడు."

"ఏమని?"

"నీ తట్ట దొరికిందా, అని."

నేను పలకలేదు. నా కాళ్ల కింద, నేల లోపల... రెండు కొట్లు. ఆగి...