మొదటి అప్‌డేట్ అల్లుడికే

పరుగు!

మెట్ల మీద చీకటి. వెనక బూట్ల చప్పుడు.

స్క్రూడ్రైవర్ రెండేసి మెట్లు ఎక్కుతున్నాడు. పైన కంప్యూటర్ల గది ఉంది. ఇనప తలుపు. లోపల గడియ వేసుకుంటే చాలు... పోలీసులకి ఫోన్ చేసేశాడు, వాళ్ళొచ్చేదాకా ప్రాణం నిలిస్తే చాలు!

జేబులో ఎప్పుడూ స్క్రూడ్రైవర్ ఉంటుందని ఆ పేరు పెట్టింది బావ. అక్క మొగుడు. ఈ మందుల గోడౌన్‌కి మేనేజరు. పేరు పెట్టడానికి ఖర్చవదు కాబట్టి పెట్టాడు గానీ, లేకపోతే అదీ పెట్టేవాడు కాదు!

కింద లారీ నిండా పసిపిల్లల టీకా మందు. బావ దొంగతనంగా అమ్మేస్తున్నాడు. స్క్రూడ్రైవర్ కళ్ళారా చూశాడు.

సరుకు కొనేవాళ్ళూ అతన్ని చూశారు!

తలుపు తోశాడు...

లోపల బావ!

కాలు మీద కాలు. ముందు పెద్ద కంప్యూటరు, పక్కన తన లాప్‌టాప్.

"రారా స్క్రూడ్రైవర్! నీ గురించే అనుకుంటున్నా."

మెడకి చల్లగా ఏదో తగిలింది. పిస్టల్! సరుకు కొన్న బట్టతలవాడు వెనక నిలబడి రొప్పుతున్నాడు.

"ఏం చేస్తున్నావ్ బావా?"

"అప్‌డేట్ రా! ఏడాదంతా నా బుర్ర తిన్నావుగా, అప్‌డేటూ అప్‌డేటూ అని. ఇవాళ నేనే పంపిస్తున్నా. ఇది వెళ్ళిన కంప్యూటరల్లా ఖాళీ! స్టాకు లెక్కలే ఉండవు. 'మా బావమరిది ఏదో అప్‌డేట్ పెట్టి అంతా నాశనం చేశాడండీ, మందులూ వాడే ఎత్తుకెళ్ళాడండీ' అంటా. కాస్త ఏడుస్తా కూడా."

"అక్కకేం చెప్తావ్?"

"దానికి నేనేది చెప్తే అదే."

స్క్రూడ్రైవర్‌కి ఒళ్ళు మండుతోంది. రెండొందల కంప్యూటర్లు! రోగిష్టి పిల్లల్ని సాకినట్టు సాకాడు వాటిని. అన్నిటికీ ఒకేసారి అప్‌డేట్లు పెట్టే మంచి సాఫ్ట్‌వేర్ కొనమంటే, 'నీకు చేతుల్లేవా?' అన్నాడీ మహానుభావుడు. చివరికి ఉచితంగా దొరికిందేదో తెచ్చి, రాత్రిళ్ళు కూర్చుని కుదుర్చుకున్నాడు.

ఏ అప్‌డేటైనా ముందు ఒక్క కంప్యూటర్‌కే వెళ్తుంది. అది బాగుంటేనే మిగతావాటికి. ఆ ఒక్కదానికీ 'అల్లుడు' అని పేరు పెట్టుకున్నాడు. ఏది వండినా ముందు వడ్డించేది అల్లుడికే కదా!

బావ వేలు బటన్ మీద ఆడుతోంది.

"ఆగు బావా! అది ముందు..."

"నోర్ముయ్! నాకు నేర్పుతావా? స్క్రూలు బిగించుకునే వెధవ్వి!"

సరే. నోరు మూసుకున్నాడు.

టక్!

గోడ మీది పెద్ద స్క్రీన్‌లో కంప్యూటర్‌కొక పచ్చ చుక్క. రెండొందలూ వెలుగుతున్నాయి. బావ నవ్వుతూ చూస్తున్నాడు...

ఒక్క చుక్క ఎర్రబడింది. ఒక్కటే!

మిగతావి పచ్చగా నవ్వుతున్నాయి.

దూరంగా సైరన్!

"గేటు తెరువు!" బట్టతలవాడు అరిచాడు. "లారీ బయటికి పోవాలి!"

"గేటుదేముంది? దాని కంప్యూటర్ తాళం నా లాప్‌టాప్‌లోనే ఉంది. ఇంకొకణ్ణి నమ్మను నేను..."

లాప్‌టాప్ తనవైపు తిప్పుకున్నాడు బావ.

నీలం! తెరంతా నీలం!

"ఇ... ఇదేంట్రా?"

"అల్లుడు బావా! కొత్తవి పెట్టి చూడ్డానికి ఒక పాత డబ్బా అయినా ఇవ్వమన్నా. ఇవ్వనన్నావ్. పనీ పాటా లేనిదేదా అని ఆఫీసంతా వెతికా. పొద్దస్తమానం పేకాట తప్ప ఇంకేం ఎరగని లాప్‌టాప్ ఒక్కటే కనబడింది. అది పడిపోతే అప్‌డేట్ ఇక మిగతావాటి జోలికి పోదు."

కింద లారీ హారన్. మళ్ళీ హారన్. సైరన్ దగ్గరికొచ్చేసింది!

మెడ మీది పిస్టల్ లేచింది...

బావ నుదుటి మీద ఆగింది.

"గేటు."

"తెరుస్తా... తెరుస్తానయ్యా! ఒరేయ్... నాయనా... తమ్ముడూ! ఆపరా దీన్ని!"

తమ్ముడు! ఇన్నేళ్ళలో మొదటిసారి!

నీలం తెర మీద తెల్లటి అక్షరాలు.

అప్‌డేట్ జరుగుతోంది. దయచేసి ఆఫ్ చేయకండి.

"మధ్యలో ఆపకూడదు బావా."

ఢాం!