అరవై రెండు శాతం దగ్గర

"ఫుల్ వెర్షనా, అప్‌గ్రేడా? మీరైతే ఏది వేసుకుంటారు?" అని ఆమె అడిగిన రోజే నేను నిజం చెప్పి ఉంటే ఇంత భయం అనుభవించేవాణ్ని కాదు.

నేను కంప్యూటర్లు రిపేరు చేసే కొట్లో మెకానిక్‌ని. ఆమె ఇంట్లోనే టైపింగ్ చేసే అమ్మాయి. పాత ఆపరేటింగ్ సిస్టమ్ మొరాయిస్తోందని వచ్చి, కౌంటర్ మీద కొత్తదాని సీడీ పెట్టెలు రెండూ పక్కపక్కన పెట్టుకుని నిలబడింది. వానకు తడిసిన జడ కొస నుంచి నీళ్లు ఫుల్ వెర్షన్ పెట్టె మీద పడుతున్నాయి. నా బుర్ర అక్కడే పనిచెయ్యడం మానేసింది.

ఫుల్ అయితే డిస్కంతా తుడిచేసి కొత్తగా వేస్తాం. ముందు ఫైళ్లు కాపీ తీసుకుని, సీపీయూ కొట్లో వదిలి వెళ్తే మర్నాడు పట్టుకెళ్లొచ్చు. మేం ఎప్పుడూ చేసేది అదే. అప్‌గ్రేడ్ అయితే పాతదాని మీదే కొత్తది ఎక్కుతుంది, ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. కాకపోతే మూడు గంటలు దగ్గరుండి చూసుకోవాలి.

మూడు గంటలు. ఆమె ఇంట్లో.

"అప్‌గ్రేడే మేలండీ. నేనే వచ్చి చేసిపెడతాను," అన్నాను.

"ఫైళ్లు కాపీ తీసి ఉంచనా?"

తీస్తే, ఎలాగూ కాపీ ఉందిగా, ఫుల్లే వేసెయ్యమంటుందని నా భయం. "అక్కర్లేదండీ. ఇలాంటివి వంద చేశాను."

ఒక్కటీ చెయ్యలేదు.

మర్నాడు మధ్యాహ్నం వెళ్లాను. కిటికీ దగ్గర కంప్యూటర్, దాని పక్కన పడక్కుర్చీలో వాళ్ల తాతయ్య. వెళ్లగానే పెద్ద పనిమంతుడిలా అప్‌గ్రేడ్ మొదలుపెట్టే బటన్ నొక్కేశాను. ఆ తరువాత మాటల్లో తెలిసింది, ఆయన బోటనీ లెక్చరర్‌గా రిటైరయ్యారని, మొక్కల నిఘంటువు ఒకటి చెబుతుంటే మనవరాలు మూడేళ్లుగా టైపు చేస్తోందని, ఎల్లుండే ప్రెస్‌కి ఇవ్వాలని.

"కాయితాలేం లేవు నాయనా. నాకు చూపు ఆనదు. అంతా నోటితో చెప్పిందే," అన్నారాయన.

అంటే ఉన్నదంతా ఆ డిస్క్‌లోనే. బటన్ నొక్కేశాక ఇక చేసేదేముంది.

"ఇది మీకు ఎన్నోది?" అందామె, టీ అందిస్తూ.

"నూటొకటోదండీ."

"లెక్క బాగానే రాసుకున్నారే," అని నవ్వింది. ఆ నవ్వు చూసి నేను కాసేపు భయం మర్చిపోయాను.

అరవై రెండు శాతం దగ్గర ఆగింది. పది నిమిషాలు. ఇరవై. తరువాత తెర మొత్తం నల్లబడింది.

"మామూలుగా ఇలాగే అవుతుందా?" అంది మెల్లగా.

'మీ డిస్కే పాతదండీ' అన్న మాట నాలుక చివరే ఉంది. మా కొట్లో అందరం అదే చెప్పి తప్పించుకుంటాం. చెబితే బతికిపోతాను. కానీ ఆమె నన్ను కాదు, తాతయ్యను చూస్తోంది.

"ఏమిటమ్మా, ఇద్దరూ ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నారు?" అన్నారాయన.

"నేను వంద చెయ్యలేదండీ," అన్నాను. "ఇదే మొదటిది."

"మరి కాపీ ఎందుకొద్దన్నారు?"

"కాపీ ఉంటే ఫుల్ వేయించుకుని, సీపీయూ కొట్లో వదిలేసి వెళ్లిపోతారని."

"వెళ్లిపోతే?"

"మీ ఇంటికి రావడానికి నాకు వంక ఉండదని. మీరంటే ఇష్టమండీ. అందుకే ఈ పాడుపని చేశాను."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "మూడేళ్ల మాటలు మళ్లీ చెప్పే ఓపిక ఆయనకి ఉందనుకున్నారా?"

సీపీయూ మీద చిన్న లైటు ఇంకా మిణుకుతోంది. "డిస్క్ తిరుగుతోంది. పవర్ మాత్రం ఆపకండి, ఆపితే ఉన్నదీ పోతుంది."

"అయితే మీరూ కదలకండి."

నలభై నిమిషాలు ఇద్దరం ఆ లైటునే చూస్తూ కూర్చున్నాం. అది ఆగినప్పుడల్లా నా ప్రాణం ఆగింది. మొక్కని దేవుడు లేడు.

తెర వెలిగింది. అరవై మూడు.

అంతా అయ్యాక ఆమె ఫైలు తెరిచింది. చిట్టచివరి మొక్క పేరు తాతయ్యకు చదివి వినిపించింది. నేను రెండు కాపీలు తీసి ఆమె చేతిలో పెట్టాను. గుమ్మం దాకా నడిచాను.

"ఆగండి," అంది వెనక నుంచి. "తెర వెలిగాక చెప్పి ఉంటే, మళ్లీ ఈ గడప తొక్కనిచ్చేదాన్ని కాదు."

"నల్లగా ఉన్నప్పుడే చెప్పానుగా."

"అందుకే ఆగమన్నాను."

లోపలి నుంచి తాతయ్య గొంతు వినిపించింది. "అబద్ధమాడినా అతికినట్టుండాలి నాయనా. అది నీ వల్ల కాదు. మా పిల్లకి అదే నచ్చినట్టుంది."

ఆమె తల దించుకుంది. నా చేతిలోని స్క్రూడ్రైవర్ల బ్యాగు లాక్కుని తలుపు వెనక పెట్టేసింది.

"రేపొచ్చి తీసుకెళ్లండి. పనేం లేదు. ఊరికే రండి."