నీటిగుర్రం కేక

చీకటి పడ్డాక ఆ తోటలో కలువల కొలను వైపు ఎవరూ పోరు.

పగలైతే పిల్లలు అక్కడి కంచు నీటిగుర్రం వీపెక్కి జారుతారు, వాళ్ళ అమ్మలు ఫోటోలు తీస్తారు. దీపాలు వెలిగే వేళకి మాత్రం... అది మూలుగుతుందట.

మొదట విన్నది ఐస్‌క్రీం బండివాడు. బండి అక్కడే వదిలేసి పరుగు లంకించుకున్నాడు. తర్వాత ఓ కొత్త జంట. ఆ అమ్మాయి చెప్పు ఒకటి ఇప్పటికీ తోట ఆఫీసులోనే ఉంది, అడగడానికి ఎవరూ రాలేదు. "పోత పోసేటప్పుడు మనిషెవరో అందులో పడిపోయాడట..." అని ఎవరు మొదలుపెట్టారో గానీ, ఆ మాటకి కాళ్ళొచ్చాయి.

అది విని పకపకా నవ్విన మనిషి ఒక్కడే. పళ్ళ డాక్టరు. ఆయనకి జరిగిందే ఈ కథ. ఆయన భార్య నలుగురికీ చెప్పగా విన్నది.

పొద్దస్తమానం నోళ్ళు చూసి విసిగిపోయిన ఆ మనిషి, సాయంత్రం క్లినిక్కు మూసి నేరుగా వెళ్ళేది ఇంకో నోరు చూడ్డానికే.

"అంత అందమైన దవడ నేను మనుషుల్లో చూడలేదు" అనేవాడు భార్యతో.

"కట్టుకున్నదానితో అనే మాటేనా అది?" అనేది ఆవిడ.

కానీ నిజంగానే ఆ శిల్పం అలాంటిది. చేసిందెవరో తెలీదు. మెడ మీద ముడతలు, ఇప్పుడే నీళ్ళలోంచి లేచినట్టున్న ముక్కుపుటాలు, ఆవులింత మధ్యలో ఆగిపోయిన నోరు. కుడివైపు దవడపళ్ళు నున్నగా అరిగి ఉంటాయి, ఎడమవైపువి అరగలేదు. అంటే ఒక పక్కనే నమిలే జంతువన్నమాట! ఎవరూ తొంగిచూడని చోట కూడా అంత శ్రద్ధ పెట్టిన ఆ చేతిని తలుచుకుని డాక్టరు రోజూ మురిసిపోయేవాడు.

అలాంటిది, ఈ మూలుగుల గోల పడలేక తోట కమిటీ దాన్ని పెకలించి గోడౌన్లో పడేస్తుందని తెలిసింది. మర్నాడే మీటింగు. ఆయనకి తిండి సహించలేదు. మనసంతా ఒకటే సందేహం. ఎడమవైపు ఎందుకు నమల్లేదు? లోపలెక్కడో పిప్పిపన్ను ఉండాలి. శిల్పి అది కూడా మలిచాడా? పోయేలోగా అదొక్కటీ తేల్చుకోవాలి.

గేటు మూసేలోపు లోపలికి దూరాడు. కొలను దగ్గర నరమానవుడు లేడు. దీపం ఒకటి వెలగడం మానేసింది. కలువాకుల కింద కప్పలు మాత్రం గొడవపడుతున్నాయి.

చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా... భుజం దాకా... ఇక తల కూడా లోపలికి వంచితే తప్ప అందలేదు. చివరి పన్ను తగిలింది. దాని మీద— గుంట!

"నేననుకున్నదే!" అని గుసగుసగా అన్నాడు.

లోపల ఎవరో... నిట్టూర్చారు.

గాలి అయ్యుంటుంది అనుకున్నాడు. కానీ గాలి ఎక్కడిది? ఆకు కదలడం లేదు.

మళ్ళీ నిట్టూర్పు. ఈసారి వెచ్చగా— వేళ్ళ మీదే. ఆ వెంటనే తడిగా, గరుగ్గా ఏదో ఆయన బొటనవేలిని... నాకింది.

చెయ్యి లాగాడు. రాలేదు. లోపలున్నది మణికట్టు పట్టుకుంది!

కేకేశాడు. తల కంచు నోట్లో పెట్టి వేసిన కేకాయె! ఆ బోలు కడుపంతా తిరిగి, పదింతలై బయటికొచ్చింది. కప్పలు నోళ్ళు మూసుకున్నాయి. అవతలి దారిన నడకకొచ్చిన అన్నదమ్ములిద్దరు, ఇద్దరూ పెద్దవాళ్ళే, చేతికర్రలు పారేసి పడుచువాళ్ళలా పరుగు తీశారు. ఈల ఊదుకుంటూ వచ్చిన వాచ్‌మన్, ఆ ఈల నోట్లో ఉండగానే వెనక్కి తిరిగాడు. ఆయాసపడినప్పుడల్లా అది కూస్తూనే ఉంది.

అంతా సద్దుమణిగాక, నీటిగుర్రం నోట్లోంచి ఓ పిల్లి బయటికొచ్చింది. డాక్టరు భుజం మీద కాలేసి దిగి, బద్ధకంగా ఒళ్ళు విరుచుకుంది. లోపల దాని కూనలు కీచుమన్నాయి. ఆ కీచు కూడా కంచు కడుపులో మూలుగులాగే మోగింది. ఇక మణికట్టు పట్టుకున్నదంటారా, నాలుక వెనక అతుకులో ఇరుక్కున్న వాచీ చైను. వాచీ అక్కడే వదిలేసి ఇంటికొచ్చి పడ్డాడు.

"ఎక్కడా నోరు జారకండి" అంది భార్య. "పిల్లికి జడిసి గావుకేక పెట్టిన డాక్టరు దగ్గర పన్ను పీకించుకోడానికి ఎవరొస్తారు?"

ఆయనకీ అదే మంచిదనిపించింది. తెల్లారేసరికి ఊరంతా ఒకటే మాట: నీటిగుర్రం మూలగడం మానేసి కేకలు మొదలుపెట్టిందట!

మీటింగులో అధ్యక్షుడు రిటైరైన జడ్జి. ఇక తీసేయమని సంతకం పెట్టబోతుంటే డాక్టరు ఉండబట్టలేక లేచాడు. "అయ్యా... ఆ కేక నాది."

ఉన్నదున్నట్టు చెప్పేశాడు. గదిలో సగం మంది ఆయన పేషెంట్లే.

"నమ్మకండి సార్" అన్నాడు అన్నదమ్ముల్లో పెద్దాయన. "మేం విన్నది ఆడగొంతు. అదీ పడుచు గొంతు."

"ఆ పిల్లి ఏదీ?" అడిగారు జడ్జిగారు.

"నా కేకకి కూనలతో సహా ఇల్లు మార్చేసిందండీ. కావాలంటే నా వాచీ లోపలే ఉంది, ఎవరైనా చెయ్యి పెట్టి చూడండి."

ఎవరి చెయ్యీ కదల్లేదు.

"శిల్పం మీద మీకు ప్రేమ, కాదన్ను" అన్నారు జడ్జిగారు మళ్ళీ కలం అందుకుంటూ. "కానీ గొంతు సరిపోవడం లేదు కదా డాక్టర్."

డాక్టరు వెనక వరసలో ఉన్న భార్య వైపు చూశాడు. వద్దన్నట్టు తల ఊపిందావిడ. ఆయన కళ్ళు మూసుకున్నాడు... ఊపిరి నిండా పీల్చాడు...

కిటికీలో పావురాలు లేచిపోయాయి. టీ తెస్తున్న వాచ్‌మన్ గుమ్మంలోనే ట్రే వదిలేసి, "అదేనండీ! అదే గొంతు!" అంటూ మెట్లు దిగి పారిపోయాడు.

జడ్జిగారు చెవుల్లోంచి వేళ్ళు తీసి, కళ్ళజోడు సర్దుకున్నారు. "సాక్ష్యం సరిపోయింది. నీటిగుర్రం ఉంటుంది."

అందరూ వెళ్ళాక భార్య పక్కకొచ్చి నిలబడింది. ఎవరికీ వినపడకుండా, గుసగుసగా అంది:

"రేపట్నుంచి మన క్లినిక్కులో అరుపు వినిపిస్తే... అది పేషెంటుదా, మీదా అని అడుగుతారు."