ఏన్కూరు సంతలో కొన్న స్నో

తెల్లారేసరికే తండాలో హడావుడి మొదలైంది. ఆ రోజు గోరికి బెల్లం తినే వేడుక. రెండు వైపుల పెద్దలూ కూర్చుని బెల్లం ముక్క నోట్లో వేసుకున్నారంటే ఇక సంబంధం ఖాయమైనట్టే. పెళ్లికొడుకు కొత్తగూడెంలో బ్యాంకు గుమాస్తా. తండా వదిలి చాలా ఏళ్లయిన కుటుంబం. ఫోటోగ్రాఫర్‌ను కూడా వెంటబెట్టుకొస్తామని కబురు పెట్టారు.

ఆ కబురు విన్నప్పటి నుంచి గోరికి కంటి మీద కునుకు లేదు. ఎందుకంటారా? రెండు బుగ్గల మీదా చెరో పచ్చబొట్టు! పసితనంలో తల్లి చాంది పొడిపించినవి. ఖమ్మంలో నర్సు ఉద్యోగం చేస్తున్నా, వార్డులో కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ ముందు ఆ బుగ్గలే చూసేవాళ్లు.

వేడుకకు వచ్చిన తోటి నర్సు నిర్మలాదేవి సంచిలోంచి ఓ గాజు సీసా తీసింది. "మా మరిది దుబాయి నుంచి తెచ్చాడు. పౌడరు వేసే ముందు ఇది రాసుకోవాలి. చాలా ఖరీదు, తెలుసా!"

చాంది గబగబా వెళ్లి ఓ చిన్న డబ్బా తెచ్చింది. "నేను గూడ తెచ్చిన బిడ్డా. ఏన్కూరు సంతల కొన్న. పౌడరు కింద గీ స్నో పెడితే మొగం మెరుస్తదట."

"అయితే పందెం పెడదాం పిన్నిగారూ" అని నవ్వింది నిర్మల. గోరి ఎడమ బుగ్గకు సంత స్నో, కుడి బుగ్గకు దుబాయి లేపనం రాసి, పైన పౌడరు అద్దింది. ఎడమ బుగ్గ సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది కానీ, పచ్చబొట్టు అందులోంచి తొంగి చూస్తూనే ఉంది. కుడి బుగ్గ మీద అదెక్కడుందో వెతికినా దొరకలేదు.

గోరి అద్దం దించి తల్లి వైపు తిరిగింది. "చూసినవా యాడీ? నీ స్నో పూసుకుంటే నలుగురు నవ్వుతరు. అసలు గీ పచ్చబొట్లు నాకెందుకు పొడిపించినవు?"

"మన పద్ధతి గద బిడ్డా. సచ్చినంక ఎంట వచ్చేది గదొక్కటే అంటరు."

"సచ్చినంక సంగతి అటుంచు. బతికినన్ని దినాలు సిగ్గుతోని సస్తున్న! నీకేమో మొగం నిండ అవే. ఫోటో దిగేటప్పుడు జర ఎనక నిలబడు."

చాంది "అవ్ బిడ్డా" అని డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. గోరికి మనసు చివుక్కుమంది. కానీ అప్పటికే నిర్మల ఎడమ బుగ్గ కూడా తుడిచి సీసా మూత తీస్తోంది.

పెళ్లికొడుకువాళ్లు వచ్చారు. బెల్లం తిన్నారు. అందరూ ఫోటోకు నిలబడ్డాక ఫోటోగ్రాఫర్ అడిగాడు, "పిల్ల తల్లి ఏరీ?"

చాంది గడప దాటి వచ్చింది. అయ్యో! ముఖమంతా మందంగా స్నో, మెడా చెవులూ మామూలుగానే. ఆ తెలుపులోంచి పచ్చబొట్లు మరింత నీలంగా కనబడుతున్నాయి. అందరికంటే ముందు ఫక్కున నవ్వింది గోరే. "గదేంది యాడీ, పిండిల పడ్డవా?" అనేసింది. దాంతో చుట్టాలంతా నవ్వారు.

చాంది ముసుగు కిందికి లాక్కుంది. "గివి కనబడితే నీకు సిగ్గంటివి గద బిడ్డా. మూసుకపోతయేమో అనుకున్న. డబ్బా అంత పూసినా పోతలేవు. మీరు దిగుండ్రి" అంటూ లోపలికి వెళ్లిపోయింది.

గోరి ఎవరు పిలిచినా వినకుండా తల్లి వెనక పరుగెత్తింది.

చాంది గోడకు ఆనుకుని కూర్చుని చీర కొంగుతో బుగ్గలు రుద్దుకుంటోంది. "తప్పు నాదే బిడ్డా. పొడిపిచ్చిన్నాడు నువ్వు గుక్కపట్టి ఏడ్సినవు. నేను గూడ ఏడ్సిన. గప్పుడే వద్దంటే అయిపోతుండె."

"గట్ల అనకు యాడీ! నీ కాళ్లు మొక్కుత" అని గోరి తల్లి ఒళ్లో పడి భోరున ఏడ్చింది. తల్లి సిగ్గుపడేది తన పచ్చబొట్లకు కాదు, బిడ్డ కళ్లల్లో కనబడ్డ చులకనకు. ఆ సంగతి తెలిశాక గోరికి తన నోరు తనకే చేదైంది. కొబ్బరినూనె తెచ్చి ముందు తల్లి ముఖం తుడిచింది. తర్వాత తన బుగ్గల మీది దుబాయి లేపనం కూడా తుడిచేసుకుంది. తల్లి చెయ్యి పట్టుకుని బయటికి నడిపించి, అందరి ముందూ తన పక్కనే నిలబెట్టుకుంది.

ఆ ఫోటో ఇప్పటికీ గోరి ఇంట్లో గోడ మీద ఉంది. గోరి బుగ్గల మీద పచ్చబొట్లు స్పష్టంగా కనబడతాయి. పక్కనే చాంది అరచేత్తో బుగ్గ కప్పుకుని నిలబడింది. ఆ రోజు "చెయ్యి తియ్యి యాడీ" అని గోరి ఎన్నిసార్లు బతిమాలిందో! తీసినట్టే తీసింది తల్లి. కెమెరా క్లిక్కుమనేసరికి ఆ చెయ్యి మళ్లీ బుగ్గ మీదికే వెళ్లింది.